పేరు చుట్టూ నల్ల గడి

సెప్టెంబర్ 10, సోమవారం

వాన. కీలుంగ్‌లాంటి వానల రేవులో ఉంటూ వాన గురించి రాయడం కాగితం దండగ. ఇకనుంచి వాన లేని రోజే రాస్తాను.

మా ఉత్సవాల ఆఫీసు డైరెక్టరు కూవో ఇవాళ మీటింగులో తేల్చేశాడు. ఈ ఏటి రేవు కళోత్సవం నలభయ్యోది కాబట్టి, మొట్టమొదటి ఉత్సవంలో ఆడిన "వంతెన దగ్గర వీడ్కోలు" నాటకంతోనే మొదలుపెట్టాలట. పదిహేనేళ్లుగా దాన్ని ఎవరూ ఆడలేదు. "మరి నాయకుడి వేషం ఎవరు కడతారు, పోచూ గారూ?" అన్నాడు. గదిలో ఎనిమిది మంది, పదహారు కళ్లూ నా మీదే. నేను టీ తాగుతున్నట్టు నటించాను. కప్పులో టీ లేదు.

నాకు యాభై ఎనిమిది. ఇప్పుడు కాకపోతే ఇక లేదు.

సెప్టెంబర్ 11

ఆఫీసువాళ్లకు ఇదంతా చెప్పినా తలకెక్కదు. మా నాటకంలో మగ వేషాలన్నీ ఆడవాళ్లవే. నాయకుడి వేషమంటే ఊళ్లో ఆడవాళ్లంతా ప్రేమలో పడే వేషం. అది అడిగి పుచ్చుకునేది కాదు. గురువు నాటక దేవుడి ముందు నిలబెట్టి, నాయకుడి విసనకర్ర శిష్యురాలి చేతిలో పెట్టాలి. గురువు పెట్టకుండానే కన్నుమూస్తే అది పెద్ద శిష్యురాలిది.

పెద్ద శిష్యురాల్ని నేను. మా గురువు సొక్‌లాన్ అమ్మగారు పెట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్లు నాకు ముసలి నౌకరు వేషం కట్టించింది, వంగి వంగి నడుము నిజంగానే పట్టేసింది. నాకు ఇరవై నాలుగేళ్లున్నప్పుడు, ఆవిడకు జ్వరం వచ్చిన రోజు, అద్దం ముందు కూర్చుని నాయకుడి ముఖం వేసుకున్నాను. ఊరికే, ఎలా ఉంటుందో చూసుకుందామని. వెనకనుంచి వచ్చి చెంప పగలగొట్టింది. "నా ముఖం నువ్వు వేసుకునేది నేను చచ్చాకే. అయినా నీది గొంతటే, రేకు డబ్బానా?" అంది. జట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకోటి పడేది.

ఇప్పుడు ఆవిడకు ఎనభై ఆరు. పక్షవాతం వచ్చి కొండమీది వృద్ధాశ్రమంలో ఉంది. కొత్త సంవత్సరానికి నారింజలు పట్టుకెళ్తాను. పోయినేడు కుదర్లేదు. అంతకుముందు ఏడు కూడా కుదరలేదనుకుంటాను.

సెప్టెంబర్ 19

ఉత్సవ పుస్తకానికి పేజీలు కట్టే పెయ్‌యూ వచ్చింది. ముందు పేజీలో ఏడుగురు స్థాపకుల పేర్లు. "పోయినవాళ్ల పేరు చుట్టూ నల్ల గడి గీయాలి కదా మేడమ్, ఎవరెవరో చెప్పండి" అంది. వరసగా అయిదుగురి పేర్లూ చెప్పాను. గడి, గడి, గడి, గడి, గడి. అందరికీ బాగానే వయసొచ్చి పోయారు.

"ఈవిడ మేడమ్? లీమ్ సొక్‌లాన్?"

"సొక్‌లాన్ అమ్మగారు..." అన్నాను. అంతే. గొంతు పట్టేసింది. నటన కాదు, పదిహేనేళ్ల వయసులో ఆవిడ దగ్గర చేరిన రోజు గుర్తొచ్చింది. ఆ పిల్ల "అయ్యో, సారీ మేడమ్" అని వెంటనే గీసేసింది. ఎంతసేపు, నాలుగు గీతలు. గీసింది ఆ పిల్ల. నేను పోయిందని అనలేదు.

ఏడో పేరు డోలు వాయించే సేంగ్ బాబాయ్‌ది. "ఈయన బతికే ఉన్నాడు, హ్వాలియెన్‌లో కూతురి దగ్గర, జాగ్రత్త, గడి గీయకు" అని మాత్రం గట్టిగా చెప్పాను. అలాంటి విషయాల్లో పొరపాటు జరగకూడదు.

సెప్టెంబర్ 20

పుస్తకం అచ్చుకు పోయేదాకా పది రోజులుంది. ఎప్పుడైనా మార్చవచ్చు. ఒక్క ఫోను చాలు.

సెప్టెంబర్ 28

డైరెక్టరు గదికి పిలిచాడు. పాత నాటకం మళ్లీ ఆడాలంటే అందులో మొదట ఆడినవాళ్ల అనుమతి కాగితం కావాలట. బతికున్నవాళ్లయితే సంతకం, పోయినవాళ్ల తరఫున పెద్ద శిష్యురాలి ముద్ర. "మీ గురువుగారు పోయారని నాకు తెలియనే తెలియదు. పరామర్శకు కూడా రాలేదు, క్షమించండి" అని నడుము దాకా వంగాడు. నేనూ వంగాను. వంగడం అబద్ధం కాదు కదా.

ముద్ర వేశాను. వేషం నాది.

ఇంటికొస్తూ చేపముద్దల సూప్ రెండు గిన్నెలు తాగాను. అంగడివాడు "ఏంటక్కా, లాటరీ తగిలిందా?" అన్నాడు. మొహం మీద అంత కనబడుతోందా!

అక్టోబర్ 1

అచ్చుకు వెళ్లింది.

అక్టోబర్ 9

రోజూ సాధన చేస్తున్నాం, డోలు బదులు రికార్డు పెట్టుకుని. గొంతు బ్రహ్మాండంగా ఉంది. వంతెన పాట రెండో చరణంలో పైకెళ్లేచోట రెండుసార్లు జారింది, అది మైకు లోపం. మైకు మార్పించమన్నాను. మార్చాక మూడుసార్లు జారింది. కొత్త మైకు ఇంకా దరిద్రం.

ఆవిడకు మంచి పనే చేశాను, ఆలోచిస్తే. ఏళ్ల తరబడి ఆ కొండమీద ఎవరికీ గుర్తులేకుండా పడి ఉంది. ఇప్పుడు ప్రారంభం రోజున మేయరు దగ్గర్నుంచి అందరూ లేచి నిలబడి ఆవిడకోసం ఒక నిమిషం మౌనం పాటిస్తారు. బతికున్నందుకు ఎవరైనా లేచి నిలబడ్డారా?

అక్టోబర్ 20

చియాలింగ్ వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, మా నాటకంలో దాసి వేషం. చేతిలో ఉత్సవ పుస్తకం.

"పోచూ అక్కా, సొక్‌లాన్ అమ్మమ్మ పేరుకి గడి ఏంటి? పోయిన ఆదివారం కూడా నాతో మాట్లాడారే!"

"నువ్వు అక్కడికి వెళ్తావా?"

"ప్రతి ఆదివారం. పదాలు చెప్పిస్తారు. నోరు ఒకవైపు రాదు గానీ, తప్పు పాడితే చెంచా పెట్టి కొడతారు" అని నవ్వింది.

ప్రతి ఆదివారమట. నాతో ఎవరూ ఒక్క మాటైనా అనలేదు!  అయినా తమాయించుకుని, "అచ్చుతప్పు పడింది, రెండోసారి వేసేటప్పుడు సరిచేస్తాం. ముసలావిడకు చూపించకు, గుండె ఆగిపోతుంది" అన్నాను. బుర్ర ఊపింది. మంచి పిల్లే. నోరు తక్కువ.

అక్టోబర్ 21

ఇవాళ ఆదివారం.

నవంబర్ 1, గురువారం

సేంగ్ బాబాయ్ పొద్దుటి రైలుకి దిగాడు. ఎనభై ఒకటి, అయినా డోలు కర్రలు తనే మోసుకొచ్చాడు. "ఏమే పోచూ, కొండలా అయ్యావే! గుర్రం ఎక్కే సీనుంది, గుర్రం సంగతేంటి?" అన్నాడు. అందరూ పగలబడ్డారు. తర్వాత ఎవరో ఆయన చేతిలో పుస్తకం పెట్టారు. నేను చూసుకోలేదు, తలకు కట్టు బిగించుకుంటున్నాను.

నవ్వు ఆగిపోయింది. చూస్తే ఆయన భూతద్దం పెట్టి ముందు పేజీ చూస్తున్నాడు.

"సొక్‌లాన్ అక్క పోయిందా?"

నేను తల దించుకున్నాను.

"నాకు ఒక్క మాట కబురు చేయలేదేంటే? నలభయ్యేళ్లు ఆవిడ అడుగుకి డోలు కొట్టినవాణ్ణి. మట్టి వేయడానికి కూడా పనికిరానా?" ముసలాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏదో ఒకటి చెప్పాలి. నా నోటికి తోచింది చెప్పాను. "ఈమధ్యే బాబాయ్. గుట్టుగా జరిగిపోవాలని ఆవిడే అన్నారు. అందుకే ఎవరికీ చెప్పలేదు."

"ఈమధ్యే అంటే? నూరు రోజులు దాటాయా?"

దాటాయి అని చెప్పొచ్చు. కానీ దాటాయంటే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని మళ్లీ మొదలుపెడతాడనుకున్నాను. "లేదు బాబాయ్" అన్నాను.

ఆయన కన్నీళ్లు తుడుచుకుని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. ముఖాన తెల్లరంగు, కనుబొమ్మల దగ్గర ఎరుపు, జరీ అంగీ.

"గురువు పోయి నూరు రోజులు కాలేదు. పెద్ద శిష్యురాలివి. భుజాన నార పట్టీ లేదు, ముఖాన రంగు పూసుకున్నావా?" అని డోలు కర్రలు రెండూ నేలమీద పెట్టేశాడు. "నేను వాయించను."

ఆఫీసులో పదిహేనేళ్లు ఫైళ్లు మోసి మోసి మా నూరు రోజుల ఆచారమే మరిచిపోయాను. ఎంత తెలివితక్కువదాన్ని! తాళాలవాళ్లు, వేణువు ఊదేవాడు, అందరూ చేతులు ముడుచుకున్నారు. ఎల్లుండి ప్రారంభం. ఇక దారిలేక ఆయన్ని పక్కకు లాక్కెళ్లి చెప్పేశాను, ఆవిడ బతికే ఉంది, అచ్చుతప్పు పడింది అని.

 ఆయన కోప్పడతాడనుకున్నాను. "బతికుంటే అంతకంటేనా! రేపు పొద్దున పోదాం పద. నీ చేతిలో విసనకర్ర పెట్టమని నేనే అడుగుతా" అన్నాడు.

పెడుతుంది. ఇన్నేళ్లయింది, కోపం ఎందుకుంటుంది? ముసలితనం మనిషిని మెత్తబరుస్తుంది.

నవంబర్ 2, శుక్రవారం

రాస్తాను. జరిగింది జరిగినట్టే రాస్తాను.

కిటికీ పక్క చక్రాల కుర్చీలో కూర్చుని చేప జావ తాగుతోంది. పక్కన చియాలింగ్. ఒళ్లో ఉత్సవ పుస్తకం, మొదటి పేజీ దగ్గర తెరిచి.

"అక్కా! బతికే ఉన్నావా అక్కా!" అని సేంగ్ బాబాయ్ గుమ్మంలోనే ఏడుపు లంకించుకున్నాడు.

"లేదురా. చదవలేదా? అచ్చయింది" అంది. మాట నెమ్మది, నోరు ఎడమకు వంకర, కానీ ఒక్క అక్షరం పోలేదు. "ఒక్కడివే వచ్చావా ఇంత దూరం?"

"ఇదిగో, పోచూతో వచ్చా."

"ఎవరూ కనబడరే."

నేను మోకాళ్లమీద కూలబడ్డాను. "అమ్మగారూ, తప్పయిపోయింది, పేజీలు కట్టే పిల్ల చేసిన తప్పు..." అన్నాను. ఆవిడ చూపు నామీదనుంచి గోడకు పోయింది. నేను అక్కడ లేనట్టే. "సేంగూ, ఆ కిటికీ వేసెయ్యి, బయట ఎక్కడో రేకు డబ్బా మోగుతోంది" అంది.

చియాలింగ్ తల దించుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలియలేదు.

"పొరపాటు అక్కా. నువ్వు బతికే ఉన్నావుగా" అన్నాడు బాబాయ్.

"నీకు బతికే ఉన్నాను. ఈ పిల్లకు బతికే ఉన్నాను. ఇక్కడ నాకు స్నానం చేయించే నర్సుకీ బతికే ఉన్నాను. ఆ ఒక్కదానికే చచ్చాను. దాని కోరికే కదరా, తీరనీ."

అని వీపు వెనక దిండు కిందనుంచి విసనకర్ర తీసింది. నాయకుడిది. నలభయ్యేళ్ల కిందటిది, అంచు నలిగింది. చియాలింగ్‌ను గోడమీది నాటక దేవుడి పటం ముందుకు రమ్మని, బాబాయ్‌ని సాక్షిగా ఉండమని, ఆ పిల్ల రెండు చేతుల్లో పెట్టింది.

నేను అరిచాను. "చచ్చినవాళ్లు ఎలా ఇస్తారు? ఎలా ఇస్తారు చెప్పండి!"

"నోర్ముయ్యవే" అన్నాడు బాబాయ్. ఆయన నామీద గొంతెత్తడం అదే మొదటిసారి. కానీ ఆయన గుండె మెత్తన. కాసేపాగి, "అక్కా, ఇదీ ముసలిదైపోతోంది. ఏదో ఒక దారి చూపించు" అని బతిమాలాడు.

ఆవిడ జావ గిన్నె ఖాళీ చేసింది. తర్వాత గోడవైపు చూస్తూ చెప్పింది.

"నూరు రోజులు దుఃఖం పాటించమను. భుజానికి నార పట్టీ. రంగు ముట్టకూడదు, పాట నోట రాకూడదు, ఎర్ర గుడ్డ కట్టకూడదు. ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటినుంచి. నూట ఒకటో రోజు పొద్దున టీ పట్టుకురమ్మను. అప్పుడు దానికీ బతుకుతాను. విసనకర్ర దాని చేతిలోనూ పెడతాను. వచ్చే ఏడు ఉత్సవంలో ఆడుకోమను."

పెడతానంది. స్వయంగా అంది! ముప్ఫై నాలుగేళ్లలో మొదటిసారి అంది.

ఇవాళ ఒకటో రోజు. ఫిబ్రవరి పదికి నూట ఒకటి.

నవంబర్ 3

ప్రారంభం. నార పట్టీ ఉన్నవాళ్లు వేదిక వెనక దేవుడి దగ్గరకు రాకూడదు కదా, సామాన్ల గుమ్మం దగ్గర నిలబడ్డాను. పట్టీ చూసి మేయరు భార్య మైల అంటుకుంటుందేమో అన్నట్టు గౌను పక్కకు లాక్కుంది.

అమ్మగారిని ముందు వరసలో కూర్చోబెట్టారు. డైరెక్టరు పాలిపోయాడు. తెరమీద పేరు మార్పిస్తానని పరిగెత్తబోతే, "ఉంచండి బాబూ, నాకు నచ్చింది" అందట ఆవిడ. తెరమీద ఏడు పేర్లు, ఆరు గడులు. వెయ్యిమంది లేచి నిలబడ్డారు. చియాలింగ్ చెయ్యి పట్టుకుని ఆవిడ కూడా లేచింది. తన చావుకి తనే నిమిషంపాటు కదలకుండా నిలబడింది. మౌనం అయ్యాక హాలంతా చప్పట్లు, నవ్వులు, ఫొటోలు.

నాయకుడి వేషంలో చియాలింగ్ రెండో చరణంలో జారింది. గుమ్మం దగ్గరనుంచి నాకు స్పష్టంగా వినపడింది. అయినా చప్పట్లు కొట్టారు. జనానికి చెవులున్నాయా!

నవంబర్ 5

గడి తప్పు ఎవరిదని విచారించి పెయ్‌యూను తీసేశారు. డైరెక్టరు నన్ను కూడా పిలిచి అడిగాడు. నేను గురువు దుఃఖంలో ఉన్నాను, ఏమీ మాట్లాడలేకపోయాను.

పదకొండో రోజు

పట్టీ కిందపడకుండా రెండు పిన్నులు పెట్టాను.

ఇరవై మూడో రోజు

పెద్దన్నయ్య కొడుకు పెళ్లి. పిలిచారు గానీ, "రాకపోతేనే మంచిదేమో అత్తా" అని ఫోన్లో అన్నారు. వెళ్లలేదు. దుఃఖంలో ఉండి పెళ్లి కట్నాల ఎర్ర కవరు పంపకూడదు, చావింటి తెల్ల కవరు పంపితే తంతారు. ఏమీ పంపలేదు.

స్నానం చేస్తూ వంతెన పాట ఎత్తుకోబోయి చటుక్కున నోరు మూసుకున్నాను. అది పాడినట్టు కాదు, మొదటి మాట సగమే. లెక్కలోకి రాదు.

నలభయ్యో రోజు

సేంగ్ బాబాయ్ హ్వాలియెన్ పోకుండా ఇక్కడే ఉండిపోయాడు, చియాలింగ్‌కు అడుగులు నేర్పడానికి. ఫోన్ చేస్తే, "అక్క కులాసాగా ఉంది, రెండు గిన్నెల జావ తాగుతోంది. నిన్ను అడగలేదు, ఎందుకడుగుతుంది, నువ్వు ఆవిడకు లేవు కదే" అన్నాడు. మొరటు మనిషి. మనసులో ఏమీ ఉండదు.

రెండు గిన్నెలు తాగుతోందంటే ఫిబ్రవరి దాకా ఢోకా లేదు.

యాభై ఎనిమిదో రోజు

పట్టీ కట్టుకుంటూ అద్దంలో చూసుకున్నాను. నిజంగా ఎవరో పోయినదానిలాగే ఉన్నాను. ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు, ఆవిడ కొండమీద దుక్కలా కూర్చుని ఉంది కదా! బతికున్న మనిషికోసం రోజూ ఏడుస్తుంటే అది ఎటు పోతుంది? ఒకటి మాత్రం అబద్ధం కాదు, విసనకర్ర కోసం మొదలుపెట్టాను గానీ, ఈమధ్య పొద్దున లేవగానే విసనకర్ర గుర్తు రావడం లేదు, ఆవిడ గుర్తొస్తోంది. నన్ను ఒక్కసారి చూస్తే చాలు. తిట్టినా సరే. "ఏమే" అని పిలిస్తే చాలు.

అరవై అయిదో రోజు

పైరకం టీ పావుకిలో కొన్నాను. ముందే కొనకపోతే ఫిబ్రవరిలో మా కొత్త సంవత్సరానికి రేటు పెంచేస్తారు.

జనవరి 11, శుక్రవారం. డెబ్బై ఒకటో రోజు

చేపముద్దల అంగడివాడు చెప్పాడు. "మీ గురువుగారి పోస్టరు చూశాను, ఈసారి నిజమేనా అక్కా?" అని.

మంగళవారమే పోయిందట. జావ తాగుతూ తాగుతూ పోయిందట. నాకు ఎవరూ చెప్పలేదు.

కొండ కింది వీధిలో డేరా వేశారు. పరిగెత్తాను, గొడుగు కూడా తీసుకోలేదు. గుమ్మం దగ్గర చియాలింగ్, తలనుంచి కాళ్లదాకా నార బట్టలు, పెద్ద శిష్యురాలి చోట నిలబడి ఉంది. కళ్లు వాచిపోయాయి. నన్ను చూసి రెండు చేతులూ అడ్డంగా చాచింది.

"అక్కా, లోపలికి రాకూడదు. అమ్మమ్మ మాట తీసుకున్నారు నా దగ్గర."

"ఏం మాట?"

ఆ పిల్ల తల తిప్పి బాబాయ్‌ని కేకేసింది. లోపల్నుంచి సేంగ్ బాబాయ్ వచ్చాడు. నేల చూస్తూ చెప్పాడు. "పోచూ నాకోసం ముందే ఏడవడం మొదలుపెట్టింది, దాని లెక్క దానిది, నా శవం దగ్గర మళ్లీ మొదటినుంచి ఏడవనక్కర్లేదు అంది. అవే ఆఖరి మాటలే తల్లీ, నన్నేం చేయమంటావు?"

"నాకు బతుకుతానంది బాబాయ్! నూట ఒకటో రోజు బతుకుతానంది!"

"అంది."

"మరి?"

 ఆయన చేతిలో గొడుగు నాకిచ్చి లోపలికి పోయాడు. తెర దించారు. తెర సందులోంచి ఫొటో ఒక అంచు కనబడింది, నాయకుడి వేషంలో, పాతికేళ్లప్పటిది. మళ్లీ తెర సర్దేశారు.

రోడ్డుకి అవతల, మూసేసిన షట్టరు కింద నిలబడ్డాను. లోపల డోలు మొదలైంది. వంతెన దగ్గర నాయకుడు ఆఖరిసారి వెనక్కి తిరిగి చూసే అడుగు. ఆవిడ ఆ అడుగు వేస్తుంటే ముసలి నౌకరు వేషంలో ఇరవై ఎనిమిదేళ్లు వెనకాలే నడిచాను. ఒక్కరోజు కూడా ఆవిడ వెనక్కి తిరిగినప్పుడు నా ముఖం చూడలేదు, ప్రేక్షకుల్ని చూసేది. నేను మాత్రం ఆవిడనే చూసేదాన్ని.

డోలు ఆగేదాకా అక్కడే ఉన్నాను. ఎవరూ బయటకు రాలేదు. దారినపోయే ఒకావిడ నా భుజం మీది పట్టీ చూసి, ఎవరు పోయారమ్మా అని అడిగింది. పట్టీ జారకుండా పిన్ను సర్దుకున్నాను.

రేపు డెబ్బై రెండు.